బంతాయన ముత్తాత ఫోటో

గల్ఫ్‌లో, లుసైల్‌లో ఉంటున్న మా తమ్ముడి ఇంటికి వెళ్ళిన మూడో రోజున వాళ్ళ అమ్మాయికి ఫోటోలు తీసే కార్యక్రమం పెట్టుకున్నారు. పెళ్ళికి ముందు తీసుకునే ఫోటోలట. పెళ్ళికొడుకు ఇంకా బెంగుళూరు నుంచి దిగనే లేదు. అతని వాటా ఫోటోలు అక్కడ తీసి ఇక్కడ అతికిస్తారట. కూరలో ఉప్పు తర్వాత వేసుకుందాం అన్నంత తేలిగ్గా చెప్పింది మా మరదలు. సముద్రం ఒడ్డున గాజు మేడల ముందు పిల్లని నిలబెట్టారు. ఓణీ గాల్లో ఎగరాలి. గాలి లేదు. అందుకని ఓణీ చివర సన్నటి నైలాన్ దారం కట్టి, ఫోటోగ్రాఫర్ వెంట వచ్చిన ఒకావిడ దూరంగా నిలబడి గాలిపటం ఆడించినట్టు లాగుతోంది. మా మేనకోడలు మాత్రం పెద్ద గాలివానలో చిక్కుకున్నదానిలా కళ్ళు అరమోడ్చి నిలబడింది. నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "దారం కనబడుతోంది బాబూ" అన్నాను. మెడలో రెండు కెమెరాలు వేసుకున్న ఆ పెద్దమనిషి నా వైపు చూడకుండానే, "ఎడిటింగ్‌లో పోతుంది ఆంటీ, టెన్షన్ పడకండి" అన్నాడు.

నేనేమీ టెన్షన్ పడలేదు, నవ్వొచ్చిందంతే. అతను వేలితో గీస్తే పోయే దారాన్ని చెరపడానికి మా అమ్మకి పూటలకి పూటలు పట్టేది. అలాంటి దారం ఒకటి చెరిపినందుకే, ఈ దేశంలోనే, ఒక శుక్రవారం మా ఇంట్లో విందు భోజనం విషమైంది. నాన్న ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్నంత పనైంది. ఆ రోజు నేను మా అమ్మకి చేసిన అన్యాయం గురించి ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. రాయడానికి కూర్చుంటే ముందు ఇతరుల తప్పులే జ్ఞాపకం వస్తున్నాయి, కాబట్టి వాటితోనే మొదలుపెడతాను.

అప్పుడు మేము అబూ హమూర్‌లో ఉండేవాళ్ళం. ఒక పెద్ద విల్లాని చెక్క గోడలతో ముక్కలు చేసి అద్దెకిచ్చేవారు, అందులో మూడో ముక్క మాది. నాన్న ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇంజనీరు. నేను పదకొండో తరగతి, తమ్ముడు తొమ్మిదో తరగతి. అమ్మ వీసా మీద ఆమెకి ఉద్యోగం చేసే అనుమతి లేదని ముద్ర ఉండేది. ఆ ముద్రని నాన్న వచ్చినవాళ్ళందరికీ చూపించినంత పని చేసేవాడు, తన భార్య సుఖపడుతోందనడానికి అదే సాక్ష్యమన్నట్టు. అమ్మ మాత్రం మేము బడికీ నాన్న ఆఫీసుకీ వెళ్ళగానే, తూర్పు కిటికీ దగ్గర మడతబల్ల వేసుకుని పని మొదలుపెట్టేది. హంజా గారని ఒక మలయాళీ ఆయనకి ఊళ్ళో ఫోటో స్టూడియో ఉండేది. అక్కడి ఫోటోల మీద మచ్చలూ గీతలూ చెరిపి నునుపు చేసే పని అమ్మది. తునిలో స్టూడియో నడిపిన మా తాతయ్య దగ్గర నేర్చుకుంది. అంచు విరిగిన సాసర్‌లో రంగు, తుమ్మజిగురు నీళ్ళు, నాలుగు వెంట్రుకలు కూడా ఉండవేమో అనిపించే బ్రష్. బ్రష్ మొన కుదరాలంటే నాలిక మీద తిప్పాల్సిందే. రంగు సరిపోయిందో లేదో ఎడమ బొటనవేలి గోరు మీద వేసి చూసుకునేది. అందుకని ఆ గోరు ఎప్పుడూ బూడిద రంగులోనే ఉండేది. ఉగాదికి తెలుగువాళ్ళంతా కలిసినప్పుడు ఆడవాళ్ళు ఆ గోరు చూసి, డాక్టరుకి చూపించుకోమని సలహా ఇచ్చేవారు. మా ఇల్లంతా తాలింపు వాసనతో పాటు ఫోటో కాగితాల పుల్లటి మందు వాసన వేసేది. ఇప్పటికీ వెనిగర్ సీసా మూత తీస్తే నాకు ఆ కిటికీయే గుర్తొస్తుంది.

వారపు సెలవు శుక్రవారం. ఆ రోజు కూలీల క్యాంపుల నుంచి మనవాళ్ళు బస్సుల్లో ఊళ్ళోకి దిగేవారు. హంజా గారి స్టూడియోలో అందరికీ ఒకే కోటు. సన్నగా ఉన్నవాడికి వెనకనుంచి బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవారు, లావుగా ఉన్నవాడికి ముందు మాత్రమే తొడిగేవారు. చేతిలో తీగ లేని టెలిఫోన్ రిసీవర్, వెనక గోడకి మంచుకొండలూ ఎర్ర పెంకుటిల్లూ వేసిన తెర. ఆ ఫోటోల్లో క్లిప్పు కొస కనబడితే అమ్మ చెరపాలి. హెల్మెట్ పెట్టుకుని పెట్టుకుని నుదుటి మీద పైన తెలుపు, కింద నలుపుగా పడిన గీత చెరపాలి. పగిలిన పెదాలు నున్నగా చెయ్యాలి. కవర్లు తెచ్చి ఇచ్చేది నాన్న కంపెనీ పికప్ నడిపే పోశన్న, జగిత్యాల వైపు మనిషి. అతని ఫోటో కూడా ఒకసారి ఆ కవర్లోనే వచ్చింది. నెల తర్వాత గుమ్మంలో నిలబడి, "మస్తు చేసిన్రు మేడం. పోశిగాడు దుబాయ్ పోయి తెల్లగైండని ఊరంత అంటున్రట. మా అవ్వ ఫోటో పట్కొని ఇల్లిల్లు తిరుగుతున్నదట" అన్నాడు. నాకది నచ్చలేదు. ఎండలో మాడుతున్న మనిషిని తెల్లగా చేసి ఊరికి పంపడం మోసమని నా పదహారేళ్ళ నోటితో తీర్పు చెప్పాను. అమ్మ బ్రష్ కడుక్కుంటూ, "ఎండ సంగతి వాళ్ళమ్మకి ఫోటోలో తెలియాలా?" అంది.

తీర్పులు చెబుతూనే నేను ఆ పనిలో భాగస్తురాలిని కూడా. పని పూర్తయిన ఫోటోని నేను కిటికీకి ఎదురుగా, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూడాలి. అమ్మ వెనక నిలబడి, "ఏమైనా కనబడుతోందా?" అని అడిగేది. "ఏమీ కనబడటం లేదు" అంటే ఆవిడ ముఖం వెలిగేది. ఎప్పుడైనా ఒకటి పట్టుకుంటే కోప్పడేది కాదు, మళ్ళీ కూర్చునేది. ఆ ఇంట్లో ఆమె పనిని చూసినదాన్ని నేనొక్కదాన్నే. నాన్న దాన్ని "నీ మచ్చల పని" అనేవాడు. హంజా గారి కవరు బల్లమీద ఉంటే చిటికెనవేలితో పక్కకి జరిపి టీ కప్పు పెట్టుకునేవాడు.

అటువంటి మనిషి ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే, "విశాలా, నీతో పెద్ద పని పడింది" అన్నాడు. నాన్న పై అధికారి ఒక అమెరికన్. కంపెనీలో ఎవరి కాంట్రాక్టు కొనసాగాలి, ఎవరు ఇంటిదారి పట్టాలి అన్నది ఆయన సంతకంలో ఉండేది. ఆ ఏడు నాన్న కాయితం ఆయన బల్ల మీదే ఉంది. ఆయన దగ్గర పాత ఫోటోలేవో ఉన్నాయని, పెద్దవి చేయించి గోడకి పెట్టుకోవాలని ఎవరితోనో అంటుంటే నాన్న మధ్యలో దూరి, "మా ఆవిడ చేస్తుంది సార్" అనేశాడట. అప్పటివరకూ అనుమతి లేని పని, చెప్పుకోకూడని పని, అర నిమిషంలో కళ అయిపోయింది. నాన్నకి ఆ రోజునుంచి అమ్మ చేతికి కాఫీ అందించే అలవాటు కూడా వచ్చింది, రెండు వారాలపాటు.

ఫోటోలు చూసి నేను తెల్లబోయాను. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద ముక్కలు, గట్టి అట్ట మీద అంటించినవి, టీ డికాషన్ రంగులోకి తిరిగినవి. ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క మీసాలవాడు, అడుగున సిగరెట్ కంపెనీ పేరు. నూరేళ్ళ కిందట అమెరికాలో సిగరెట్ పెట్టె నలిగిపోకుండా లోపల అట్టముక్క పెట్టేవారట. ఆ అట్ట మీద బేస్‌బాల్ ఆటగాళ్ళ ఫోటోలు అంటిస్తే జనం సెట్టు పూర్తి చేయడం కోసం మరో పెట్టె కొంటారని ఒక వ్యాపారికి తోచింది. ఆ సంగతులు నేను తర్వాత చదువుకున్నాను. అప్పటి కెమెరాకి పరిగెత్తే మనిషిని పట్టే శక్తి లేదు. అందుకని ఆటగాణ్ణి స్టూడియోకి పిలిచి, చెట్లు గీసిన తెర ముందు, తివాచీ మీద నిలబెట్టి, పైకప్పు నుంచి ఒక బంతిని తాడుతో వేలాడదీసేవారు. వాడు దానికేసి, ఇదిగో వచ్చేస్తోంది అన్నట్టు చేతులు చాచి కదలకుండా చూస్తూ ఉండాలి. ఒకడైతే తివాచీ మీద బోర్లా పడుకుని, పరిగెత్తుకుంటూ వచ్చి జారినట్టు నటిస్తున్నాడు. వాడి ముఖంలో ఇంటికెప్పుడు పోనిస్తారన్న ప్రశ్న తప్ప మరేమీ లేదు. ఆటా లేదు, మైదానమూ లేదు, బంతి కదలనూ లేదు, సిగరెట్లు మాత్రం అమ్ముడుపోయాయి. హంజా గారి తీగ లేని టెలిఫోన్‌కి ఇంత చరిత్ర ఉందని తెలిస్తే ఆయన ఫోటో రేటు పెంచేవారు. ఆ అట్టముక్కల్ని ఆ అమెరికన్ తెల్లటి చేతితొడుగులు వేసుకుని తీసి చూపించాడట. నాన్న కూడా మా ఇంట్లో, దేవుడి పటాల కింద అరలో, పట్టుబట్ట పరిచి పెట్టాడు. అమ్మ ఆ అమెరికన్‌కి బంతాయన అని పేరు పెట్టింది.

హంజా గారు వాటిని తిరిగి ఫోటో తీసి, పెద్ద కాగితాల మీద అచ్చువేసి పంపారు. అసలు ముక్కలు క్షేమంగా బంతాయన ఆల్బంలోకి వెళ్ళిపోయాయి. పెద్దవి చేసేసరికి వాటి మీద నూరేళ్ళ మచ్చలన్నీ పెద్దవై కూర్చున్నాయి. అమ్మ రోజుకొకటి చొప్పున బాగుచేసింది. ఆ మీసాలవాళ్ళలో ఒకడు బంతాయన ముత్తాతేనట. ఆ ఫోటో దగ్గరకి వచ్చేసరికి, బంతి పైనుంచి ఫోటో అంచుదాకా సన్నటి గీత నిలువునా కనబడింది. "అమ్మా, ఇది మచ్చ కాదు, తాడు" అన్నాను. "తెలుసులేవే" అంది. "ఇంత చక్కగా చేతులు చాపి నిలబడ్డాడు మనిషి. తాడు కనబడనిచ్చి ఆ మనిషిని నవ్వులపాలు చేశాడు ఆ ఫోటో తీసినవాడు. వాడికి సిగ్గు లేకపోతే నాకుండాలా?" ఆ తాడు వెనకే తెర మీద గీసిన చెట్టు కొమ్మలున్నాయి. తాడు ఉన్నచోట ఆకు ఆకుగా కొమ్మని మళ్ళీ పుట్టించింది. మూడు పూటలు పట్టింది. నేను కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. బంతి గాల్లో ఉంది. నిజంగానే ఎవరో విసిరిన బంతి. "ఏమీ కనబడటం లేదు" అన్నాను, అప్పుడు గొప్పగానే అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం బంతాయన భోజనానికి వచ్చాడు. పులిహోర, గారెలు, కారం తీసేసిన కోడికూర. నాన్న ఆయన కుర్చీ మీద కుషను మార్చాడు, ఏసీ ముందుకి జరిపించాడు, మళ్ళీ వెనక్కి జరిపించాడు. ఆయన ఏమన్నా అనకముందే తల ఊపుతున్నాడు. భోజనం మధ్యలోనే ఆగలేక ఫ్రేము కట్టించిన ముత్తాతని తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. బంతాయన చాలాసేపు చూశాడు. తర్వాత ఇంగ్లీషులో మెల్లగా, "తాడేదీ?" అన్నాడు.

ఆయనే చెప్పాడు. ఆయన ముత్తాత పగలు తోళ్ళ కార్ఖానాలో పనిచేసి, మిగిలిన వేళల్లో ఆడేవాడట. పెద్ద ఆటగాడు కాదు, బంతులు వదిలేసేవాడని పేరు. ముసలితనంలో ఈ అట్టముక్క మనవలకి చూపించి, నేను జీవితంలో వదలని బంతి ఇదొక్కటే, ఎందుకంటే దీన్ని తాడు పట్టుకుంది, అని తన మీద తనే నవ్వుకునేవాడట. ఆ నవ్వు వాళ్ళ ఇంట్లో నాలుగు తరాలుగా నడుస్తోందట. "తాడు బాగా స్పష్టంగా రావాలని నీతో చెప్పానే శేఖర్" అన్నాడు నాన్న వైపు తిరిగి. నాన్న తల ఊపాడు. ఆయన చెప్పినప్పుడు కూడా అలాగే ఊపి ఉంటాడు, ఆ ఊపులో మాట ఎటుపోయిందో నాన్నకే తెలియదు.

అమ్మకి ఇంగ్లీషు రాదు. "ఏమంటున్నాడే?" అంది. ఉన్నదున్నట్టు చెప్పాను. నాన్నతో ముందే చెప్పాడన్న సంగతి కూడా చెప్పాను. అమ్మ నాన్నకేసి ఒకసారి చూసింది. నాన్న గారెల పళ్ళేన్ని చూస్తున్నాడు. ఇంతలో బంతాయన, కోపంగా కూడా కాదు, నన్ను అడిగాడు, మీ అమ్మగారికి తాడు కనబడలేదా అని. అది కూడా అమ్మకి చెప్పాను.

"నువ్వే చెప్పవే, మీ నాన్నయితే సగం మింగేస్తారు" అంది అమ్మ. చెయ్యి తుడుచుకుని నిటారుగా కూర్చుంది. "తాడు చూశానని చెప్పు. చూసే చెరిపాను. మా నాన్న దగ్గర నేర్చుకున్న పని ఇది. తాడు వదిలేస్తే నాకు నామర్దా. వాళ్ళ తాతగారి సంగతి నా చెవిన పడి ఉంటే చచ్చినా ముట్టుకునేదాన్ని కాదు. చెప్పవలసినవాళ్ళు చెప్పలేదు. కావాలంటే ఇంకొకటి అచ్చు వేయించి, తాడు ఉంచి ఇస్తాను. ఇదంతా చెప్పు, ఒక్కటీ వదలకు."

నాన్న తల ఎత్తి నన్ను చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ తెలుసు. సంతకం కావలసిన కాయితం ఆ చూపులో ఉంది. నా పన్నెండో తరగతి, తమ్ముడి బడి, చెక్కగోడల ఇల్లు, అన్నీ ఉన్నాయి. నేను బంతాయన వైపు తిరిగి, బళ్ళో నేర్చిన చక్కటి ఇంగ్లీషులో, "అమ్మ సారీ చెబుతోంది. అది గీత అనుకుందట. ఆవిడకి కళ్ళు అంత బాగా కనబడవు" అన్నాను.

ఆ చివరి మాట ఎవరూ అనమనలేదు. నాన్న చూపు కూడా అంతదూరం అడగలేదు. అది నా సొంతం. బంతాయన ముఖం మెత్తబడింది. అయ్యో, అంత తక్కువ చూపుతో ఇంత పని చేశారా అన్నాడు. గారె ఇంకొకటి వేయించుకున్నాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి నాన్నకి ఆదివారం సెలవు ఇస్తానన్నాడు. ఇంగ్లీషు రాని మనిషికి కూడా సారీ అన్న మాట తెలుస్తుంది. ఆయన తన కళ్ళవైపు వేలు చూపించి జాలిగా తల ఆడించడం అమ్మకి కనబడింది. ఆవిడ ఆయనకి మజ్జిగ పోసింది.

బంతాయన వెళ్ళాక వంటింట్లో గిన్నెలు సర్దుతూ అమ్మ అడిగింది. "నేను సారీ చెప్పమన్నానా?"

"లేదు."

"నా కళ్ళ గురించి ఏం చెప్పావు?"

చెప్పాను. నాన్న కాంట్రాక్టు అని కూడా ఏదో గొణిగాను. అమ్మ పులిహోర గిన్నె మీద పళ్ళెం బోర్లించింది. "బాగా చెరిపావే. ఎక్కడా ఏమీ కనబడలేదు" అంది.

ఆదివారం నాడు నాన్న ఆవిణ్ణి నిజంగానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, బంతాయన అడుగుతాడని. కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడు ఆ డాక్టరు. అయినా నాన్న పవర్ లేని అద్దాలతో ఒక కళ్ళజోడు చేయించాడు. సంతకం అయ్యింది. ఆ ఏడాది కంపెనీ విందుకి అమ్మ ఆ కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. బంతాయన దూరం నుంచే చూసి సంతోషంగా బొటనవేలు ఎత్తి చూపించాడు. అమ్మ తల వంచింది. నేను రాసిచ్చిన అబద్ధాన్ని ఆవిడ ముక్కు మీద మోసింది, నేను పక్కనే కూర్చుని ఐస్‌క్రీమ్ తిన్నాను. హంజా గారు తాడుతో సహా ముత్తాతని మళ్ళీ అచ్చువేశారు. దాన్ని అమ్మ ముట్టుకోలేదు. తాడు లేని ముత్తాత మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయాడు. ఫ్రేము విప్పి, వెనక అట్ట మందంగా ఉందని అమ్మ ఆవకాయ జాడీ మీద మూతగా వాడింది. రెండు మూడేళ్ళు మా ఆవకాయకి ఆయనే కాపలా.

పని మానలేదు అమ్మ. హంజా గారి కవర్లు వస్తూనే ఉన్నాయి, పోశన్న తెస్తూనే ఉన్నాడు. ఫోటో పూర్తయ్యాక కిటికీ దగ్గర తనే చెయ్యి చాచి పట్టుకుని, తనే దూరంగా జరిగి చూసుకునేది. నేను ఆ గదిలోనే చదువుకుంటూ ఉండేదాన్ని. ఒక్కసారి కూడా, ఏమైనా కనబడుతోందా అని నన్ను అడగలేదు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, హంజా గారు కేరళ వెళ్ళిపోయారు, మేము హైదరాబాదు చేరాం. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. చివరిదాకా సూదిలో దారం కళ్ళజోడు లేకుండానే ఎక్కించుకుంది. ఆ పవర్ లేని అద్దాలు ఆవిడ బీరువాలో, కుట్టుపెట్టెలో దొరికాయి. పారేయకుండా ఎందుకు దాచిందో నేను అడగవలసిన రోజుల్లో అడగలేదు.

లుసైల్ ఫోటోలు మర్నాటికే వచ్చేశాయి. ఎంత వేగం, ఎంత చవకతనం. మేనకోడలు నా పక్కన సోఫాలో కూలబడి తన ఫోన్ నా ముఖం మీద పెట్టింది. ఓణీ గాల్లో ఎగురుతోంది. ఒక మంచం దుప్పటంత గాలి, ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ అక్కర్లేని గాలి. దారం ఉన్నచోట వెనక ఉన్న మేడ కిటికీలు కొంచెం వంకర తిరిగాయి. ఆకు ఆకుగా పుట్టించే ఓపిక ఆ యంత్రానికి ఎందుకుంటుంది? తీసినవాడు కూడా చూసుకుని ఉండడు. "అత్తా, దారం ఎక్కడైనా కనబడుతోందా?" అని అడిగింది పిల్ల.

నేను ఫోన్ అందుకుని, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకున్నాను. పిల్ల నాకు చూపు ఆననట్టుందని అనుకుని, "ఆ గ్లాసెస్ పెట్టుకో అత్తా" అంది.

ఈ దేశంలోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది కానీ లోతుగా మాట్లాడాలంటే ఇంగ్లీషే. అందుకని ఇంగ్లీషులోనే చెప్పాను. ముప్పై ఏళ్ళ కిందట, ఇక్కడికి గంట దూరం కూడా లేని ఇంట్లో, గారెల పళ్ళెం ముందు నన్ను నమ్మి అప్పగించిన మాటలు. ఒక్కటీ వదలకుండా, ఆవిడ చెప్పిన వరసలోనే చెప్పాను. ఆవిడ తాడు చూసింది. చూసే చెరిపింది. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న పని అది. చెప్పవలసినవాళ్ళు చెప్పలేదు. కావాలంటే తాడు ఉంచి ఇంకొకటి చేసి ఇస్తుంది. ఆవిడకి కళ్ళు చాలా బాగా కనబడతాయి. మొత్తం చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

"ఎవరత్తా?" అంది పిల్ల.

"మీ నానమ్మ" అన్నాను.